వల పెట్టానా, ఉయ్యాల వేశానా?

పేరు రాయవద్దని కోరిన ఒక పాఠకురాలు ఆరు పేజీల ఉత్తరం పంపారు. రెండు నెలల కిందట ఆమె ఏడేళ్ళ కొడుక్కి డెంగీ వచ్చి తగ్గింది. ఆసుపత్రిలో ఉన్న రాత్రి అత్తగారు "ఇల్లు శుభ్రంగా ఉంచుకుంటే పసివాడికి ఈ అవస్థ ఉండేదా" అన్నారట. ఆ మాట ఆమెకు ముల్లులా దిగిపోయింది. అప్పటినుంచి రోజూ నేల కడగడం, మూలలు తుడవడం, అర్ధరాత్రి లేచి కిటికీలు చూసుకోవడం. దోమలు వాసన పట్టి గుడ్లు పెట్టే చోటు ఎంచుకుంటాయని ఎక్కడో చదివి, వాటిని రప్పించి చంపుదామని ఎండుటాకులు నానేసిన నల్ల బకెట్ ఒకటి పెరట్లో పెట్టారు. తర్వాత అబ్బాయి స్కూలు పనుల్లో పడి పది రోజులు దానివైపు చూడలేదు. చూసేసరికి నీళ్ళ నిండా గిలగిలలాడే పురుగులు, పైన వడ్లగింజంత నల్లటి తెప్పలు తేలుతున్నాయి. భర్త చూసి, "మనం చంపడం కాదు, నువ్వే పెంచుతున్నావు" అన్నారు.

ఇది చాలదన్నట్టు, గోడకు అవతల బావగారి పశువుల పాక ఉంది. నాలుగు ఆవులు. పట్టపగలు పెరట్లో నిలబడితే ఈగలు వచ్చి పిక్కల మీద సూదిలా పొడుస్తున్నాయి. ఆవుల్ని అక్కడినుంచి తీసేయమని ఈమె అడిగారు. మాటా మాటా పెరిగి, నెల రోజులుగా రెండిళ్ళ మధ్య పలకరింపులు లేవు. ఉత్తరం చివర ఆమె అడిగినవి ఇవి: నా బకెట్ వల్లే దోమలు పెరిగాయా? ఆవుల విషయంలో గట్టిగా పట్టుబట్టాలా? మా ఇంటి దగ్గర గుడ్లు పెట్టకుండా చేసే వాసన ఏదైనా ఉందా? నా వల్లే బాబుకి జబ్బు చేసిందా?

అమ్మా, చివరి ప్రశ్నకే ముందు జవాబు చెప్తాను. మిగతావన్నీ ఆగగలవు, అది ఆగదు.

బాబుకి డెంగీ రావాలంటే, అంతకుముందు ఒక ఆడ దోమ ఎక్కడో ఒక డెంగీ రోగిని కుట్టి ఉండాలి. ఆ దోమ ఒంట్లో వైరస్ ఎదిగి లాలాజలంలోకి చేరడానికి దాదాపు 8 నుంచి 12 రోజులు పడుతుంది. ఆ తర్వాత అది బాబుని కుట్టాలి. కుట్టిన 4 నుంచి 10 రోజుల్లో జ్వరం మొదలవుతుంది. పైగా డెంగీని మోసే ఏడిస్ దోమ పగటిపూట కుడుతుంది. ఆ పగళ్ళలో మీ బాబు స్కూల్లో ఉన్నాడు, ఆటస్థలంలో ఉన్నాడు, స్నేహితుల ఇళ్ళలో ఉన్నాడు. ఆ ఒక్క కాటు ఎక్కడ పడిందో మీరు చెప్పలేరు, నేను చెప్పలేను, అత్తగారూ చెప్పలేరు. ఇంకో సంగతి. ఏడిస్ మురికిని చూసి వచ్చే దోమ కాదు. పూలకుండీ కింద పళ్ళెంలో రెండాకులు పడి నిలిచిన కాసిని నీళ్ళు దానికి చాలు. అద్దంలా తుడిచిన ఇంట్లో కూడా అలాంటి పళ్ళెం ఉంటుంది. నేల ఎన్నిసార్లు కడిగినా ఆ దోమకు అడ్డం పడదు. మీరు నిద్ర మానుకుని చేస్తున్న పనిలో సగం దానికి సంబంధమే లేని పని. ఇది మిమ్మల్ని తప్పు పట్టడానికి కాదు, ఆ పని ఈ రోజే మానేసి పడుకోండి అని చెప్పడానికి.

ఇప్పుడు మీ ఉత్తరంలో చిక్కుపడిపోయిన మూడు దారాలను విడదీద్దాం. మీరు "ఈ దోమలు, ఈగలు" అని ఒక్క మూటగా కట్టేశారు. మీ ఉత్తరంలో ఉన్నవి మూడు వేర్వేరు తల్లులు. మూడింటికీ ముక్కులు వేరు, ఇష్టాలు వేరు.

మొదటిది మీ బకెట్‌లోది. వడ్లగింజంత నల్లటి తెప్పలు అని మీరు అంత శ్రద్ధగా రాశారు కాబట్టి చెప్పగలుగుతున్నాను, అవి క్యూలెక్స్ దోమ గుడ్లు. 100 నుంచి 300 గుడ్లను ఒకదానికొకటి ఆనించి నిలువుగా పేర్చి, నీటి మీద పడవలా వదిలేస్తుంది ఆ దోమ. ఏడిస్ అలా పెట్టదు. నీటి అంచుకు కాస్త పైన, తడి గోడ మీద, విడివిడిగా అంటిస్తుంది. అంటే మీరు చూసిన ఆ తెప్పలు డెంగీ దోమవి కావు. క్యూలెక్స్ రాత్రిళ్ళు చెవి దగ్గర జుమ్మంటూ తిరిగి నిద్ర చెడగొట్టేది. అది డెంగీని మోయదు. అయితే కొన్ని ప్రాంతాల్లో బోదకాలును మోస్తుంది కాబట్టి దాన్ని చిన్నచూపు చూడడానికి లేదు.

ఆకులు కుళ్ళిన నీళ్ళలో బ్యాక్టీరియా పని మొదలుపెట్టగానే స్కాటోల్, ఇండోల్, పారాక్రెసాల్ లాంటి పదార్థాలు గాలిలోకి లేస్తాయి. స్కాటోల్ అంటే మలానికి ఆ కంపు తెచ్చే పదార్థాల్లో ఒకటి. మనం ముక్కు మూసుకుంటాం. కడుపుతో ఉన్న క్యూలెక్స్‌కు మాత్రం అది "ఇక్కడ బ్యాక్టీరియా ఉంది, నా పిల్లలకు తిండి ఉంది" అన్న కబురు. రక్తం తాగాక రెండు మూడు రోజుల్లో గుడ్లు పండుతాయి. అప్పుడిక దాని ముక్కు మనిషి కోసం కాదు, ఇలాంటి నీళ్ళ కోసమే గాలిస్తుంది. మొదటి దోమ వచ్చి తెప్ప వదిలిందనుకోండి, అక్కడితో ఆగదు. ఆ తెప్పలో ప్రతి గుడ్డు కొసన ఒక సన్నని బొట్టు ఉంటుంది. ఆ బొట్టులో ఉన్న పదార్థమే మిగతా తల్లులను అక్కడికి పిలుస్తోందని 1982లో లారెన్స్, పికెట్ అనే శాస్త్రవేత్తలు తేల్చి, అదేమిటో గుర్తుపట్టారు. ఒక తల్లి మెచ్చిన చోటు కాబట్టి ఇంకో తల్లికి నమ్మకం. ఆ బొట్టు వాసనా, స్కాటోల్ వాసనా కలిస్తే పిలుపు ఇంకా బలంగా ఉంటుంది. మీ బకెట్ రోజురోజుకూ ఎందుకు నిండిందో ఇప్పుడు అర్థమయ్యే ఉంటుంది.

కాబట్టి మీ మొదటి ప్రశ్నకు జవాబు అవును, కాదు రెండూను. ఆ పది రోజుల్లో మీ బకెట్ కొన్ని దోమలను పెంచింది, నిజమే. కానీ మీ ఆలోచన తప్పు కాదు. ప్రజారోగ్య శాఖలు దశాబ్దాలుగా వాడుతున్న ఉపాయమే అది. ఎండుగడ్డి ఊరబెట్టిన నీళ్ళతో, కడుపు నిండా గుడ్లున్న క్యూలెక్స్‌ను పట్టే బోనును పాల్ రైటర్ అనే శాస్త్రవేత్త 1983లోనే చేసి చూపించాడు. అదే రైటర్ బృందం తర్వాత ఏడిస్ గుడ్లు లెక్కపెట్టే నల్ల జాడీలకు గడ్డినీళ్ళు కలిపి చూసింది. చిక్కటి గడ్డినీళ్ళ జాడీ ఒకటి, పదో వంతుకు పలచన చేసిన జాడీ ఒకటి పక్కపక్కన పెడితే, మామూలు నీళ్ళ జాడీ కన్నా ఎనిమిది రెట్లు గుడ్లు పడ్డాయి. వల మంచిదే. దాన్ని చూసుకునే మనిషి వారం దాటి రాకపోతే ఉయ్యాల అవుతుంది. మీ భర్త చెప్పింది ఆ పది రోజుల గురించి అయితే నిజం, మీ గురించి అయితే నిజం కాదు. ఆయనకు ఈ పేరా చదివి వినిపించండి.

రెండో తల్లి ఏడిస్. నా దృష్టిలో మీ శ్రమంతా దీని మీద ఉండాలి. దీని ఎంపిక క్యూలెక్స్ కంటే చాలా సున్నితం. ఆకుల మీద పెరిగే బ్యాక్టీరియా వదిలే కొన్ని కొవ్వు ఆమ్లాలు దీన్ని గుడ్లు పెట్టేలా చేస్తాయని 2008లో ఒక పరిశోధన చూపించింది. వాటిలో ఒకటి టెట్రాడెకనోయిక్ ఆమ్లం. కానీ మోతాదు కాస్త ఎక్కువైతే అదే దోమ వెనక్కి తగ్గింది. వాన పడగానే మట్టి నుంచి లేచే కమ్మటి వాసన ఉంది చూశారూ, దాన్నిచ్చే జియోస్మిన్ కూడా ఈ దోమను పిలుస్తుందని 2020లో తెలిసింది. నీళ్ళలో పెరిగే కొన్ని నీలిఆకుపచ్చ నాచులు కూడా ఆ పదార్థాన్నే తయారుచేస్తాయి, వాటిని దోమ లార్వాలు, అంటే గుడ్డులోంచి వచ్చిన పురుగులు, తింటాయి. మనకు ఆహ్లాదంగా ఉండే వాసనే దానికి అన్నం ఉన్న చోటు గుర్తు. వాసన పట్టి వచ్చాక కూడా అది వెంటనే గుడ్లు పెట్టదు. వాలి, కాళ్ళతో నీటిని రుచి చూస్తుంది. ఉప్పు ఎక్కువైతే వెళ్ళిపోతుంది. నీళ్ళలో ఉన్న పిల్లలనూ లెక్కలోకి తీసుకుంటుంది. కొద్దిగా లార్వాలున్న నీరు దాన్ని ఆకర్షిస్తుంది. ఆకలితో ఉన్న లార్వాలు కిక్కిరిసిన నీరైతే తప్పుకుంటుంది.

అన్నిటికంటే ముఖ్యమైనది, అది ఒకే విడత గుడ్లను ఒక్క చోట పెట్టకుండా నాలుగు చోట్ల పంచుతుంది. మీ మూడో ప్రశ్నకు, అంటే "పెట్టకుండా చేసే వాసన ఏదైనా ఉందా" అన్నదానికి, జవాబు ఇక్కడే ఉంది. అలాంటి వాసనలు ఉన్నాయి. నీటిలో వెల్లకిలా ఈదే ఒక వేట పురుగు, దోమ పిల్లలను తింటుంది. దాని ఒంటినుంచి వచ్చే రెండు పదార్థాలను పసిగట్టి ఒక జాతి దోమ ఆ గుంటలో గుడ్లు పెట్టకుండా వెళ్ళిపోతుందని పరిశోధకులు కనుగొన్నారు. ఆ రెంటిలో ఒకటి హెనైకోసేన్. మరి ఇదే హెనైకోసేన్‌ను భారత రక్షణ పరిశోధన ప్రయోగశాల వారు 2000లో ఏడిస్ లార్వాల మీద గుర్తించారు. ఏడిస్ తల్లిని అది దగ్గరికి పిలుస్తుంది! ఒక దోమను తరిమే వాసన ఇంకో దోమకు ఆహ్వానం అవుతుంది. కాబట్టి ఏదో ఒక నూనెను "దోమలన్నిటికీ" అని ఎవరైనా మీ చేతిలో పెడితే తొందరపడి నమ్మకండి.

ఒకవేళ ఆ వాసన పనిచేసిందే అనుకుందాం. తరిమిన తల్లి చచ్చిపోదు. కడుపు నిండా గుడ్లతో మీ గోడ దాటి బావగారి ఇంటి ముందున్న కుండీకి వెళ్తుంది. వాళ్ళ పిల్లలున్న ఇంటికి. ఆ దోమ పిల్లలు మళ్ళీ మీ గోడ దాటి వస్తాయి. తరిమే వాసనకు విలువ ఎక్కడంటే, తరిమిన వైపు దాన్ని చంపే వల కూడా ఉన్నప్పుడు. ఒంటరిగా వాడితే సమస్యను పక్కింటికి పంపడమే అవుతుంది. మీకు ఆ ఇంటితో ఇప్పటికే ఉన్న తగవు చాలు. ఇంకో మాట, అలాంటి నూనెలు, మందులు ఏవీ పశువులు తాగే తొట్టిలో కలపకండి.

ఏడిస్ విషయంలో మీ ముందు మూడు దారులు కనిపిస్తున్నాయి. వలలేమీ వద్దనుకుని, నీళ్ళు నిలిచే ప్రతిదాన్నీ వారానికోసారి ఒంపి, గోడలు రుద్ది కడగడం ఒకటి. రుద్దడం అని ఎందుకంటున్నానంటే, గోడకు అంటిన గుడ్లు ఎండిపోయినా నెలల తరబడి బతికే ఉంటాయి, మళ్ళీ నీళ్ళు తగలగానే పొదుగుతాయి. వేడి రోజుల్లో గుడ్డు నుంచి రెక్కల దోమ దాకా దాదాపు 7 నుంచి 10 రోజులు. అందుకే వారం అన్న గడువు. ఇది ఖర్చు లేనిది, కానీ ఒక్క వారం మరిచినా లెక్క మొదటికొస్తుంది.

రెండోది, బకెట్‌ను మళ్ళీ పెట్టుకోవడం, కానీ పద్ధతిగా. కుళ్ళు కంపు కొట్టే నీళ్ళు కాకుండా, గడ్డినీళ్ళను పదో వంతుకు పలచన చేసి, నల్ల డబ్బాలో సగానికి పోసి, లోపలి అంచున గరుకు కాగితం పట్టీ ఒకటి పెట్టాలి. వారానికోసారి, ఒకే రోజున, పట్టీ తీసి కాల్చేసి, డబ్బా రుద్ది కడగాలి. లేదంటే ఆ నీళ్ళలో బీటీఐ వేయాలి. ఇది 1976లో ఇజ్రాయెల్‌లో నీటిమడుగు బురదలో దొరికిన ఒక బ్యాక్టీరియా. దోమ లార్వాల పేగులను దెబ్బతీస్తుంది. మనుషులకు, పశువులకు హాని చేయదు. అప్పుడు నీళ్ళు పిలుస్తూనే ఉంటాయి, తల్లి వచ్చి గుడ్లు పెడుతుంది, పిల్లలు మాత్రం బతకవు. మీరు ఒకవేళ నాలుగు రోజులు ఆలస్యం చేసినా బకెట్ మీ మీద తిరగబడదు. ఈ రెండు నెలలు మీరు పడ్డ నలుగుడు చూస్తే, వల కావాలనిపిస్తే ఇలా బీటీఐతోనే పెట్టుకోమంటాను. పాకెట్ మీద ఎన్నాళ్ళకోసారి వేయాలో రాసి ఉంటుంది, దాన్ని పాటించండి.

మూడోది, తల్లినే పట్టే బోను. లోపల వాసన నీళ్ళు, వాటిని అందనీయకుండా జాలీ, గోడలకు జిగురు. గుడ్లు పెట్టడానికి వచ్చిన దోమ అంటుకుపోతుంది. ప్యూర్టోరికోలో ఇంటికి 3 చొప్పున, పదింట ఎనిమిదిళ్ళకు పైగా ఇవి పెట్టినప్పుడు ఏడిస్ దోమలు సగానికి పైగా తగ్గాయి. ఇక్కడ గమనించాల్సింది ఆ "పదింట ఎనిమిది". మీ ఒక్క పెరట్లో పెడితే అంత ఫలితం రాదు. ఏ దారి పట్టినా పక్కింటి అవసరం వస్తోంది చూశారా. అందుకే ఆవుల సంగతికి వస్తున్నాను.

మూడో తల్లి మీ పిక్కలు పొడిచే ఈగ. చూడ్డానికి అచ్చం ఇంటి ఈగలానే ఉంటుంది. దగ్గరగా చూస్తే మూతి నుంచి సూది ముందుకు పొడుచుకొచ్చి కనిపిస్తుంది. స్టేబుల్ ఫ్లై అంటారు. వీటిలో మగవీ కుడతాయి. ఇది గుడ్లు పెట్టేది ఆవు మీద కాదు. పచ్చి పేడ ముద్ద కూడా దీని మొదటి ఎంపిక కాదు. పేడ, మూత్రం, తొక్కి పడేసిన గడ్డి కలిసి, రోజుల తరబడి తడిగా మగ్గుతున్న చోటు దీనికి కావాలి. తొట్టి చుట్టూ చెల్లాచెదురైన మేత, గోడ వారన పేరుకున్న తడి గడ్డి, కుప్ప అడుగు అంచు లాంటివి. ఆ మగ్గుడులో బ్యాక్టీరియా చురుగ్గా ఉంటేనే దీని పిల్లలు బతుకుతాయి. సూక్ష్మజీవులను పూర్తిగా చంపేసిన ఎరువులో లార్వాలు ఎదగలేదని ప్రయోగాల్లో తేలింది. తల్లి కూడా బ్యాక్టీరియా ఉన్న చోటునే ఎంచుకుంటుంది. ఇక్కడా అదే కథ, ఆ వాసన తిండి ఉందన్న కబురు.

కాబట్టి "ఆవుల్ని తీసేయండి" అని అడగడం సరైనది కాదు. నేనిలా అంటే మీకు కష్టంగా ఉండొచ్చు. మీరు పట్టుబట్టి గెలిచారనుకుందాం. ఆవులు వెళ్తాయి, బావగారి మనసు విరుగుతుంది, మగ్గిన గడ్డి కుప్ప మాత్రం అక్కడే ఉంటే ఈగలు ఇంకొన్నాళ్ళు వస్తూనే ఉంటాయి. పైగా ఈ ఈగ కిలోమీటర్ల దూరం ఎగరగలదు, వేరే పాక నుంచీ రాగలదు. అలాగని ఊరుకుంటే మీరు, బాబు పెరట్లోకి రాలేరు. నడిమి దారి ఒకటుంది. ఆ తడి గడ్డిని వారానికోసారి ఎత్తేసి, పలచగా పరిచి ఎండబెట్టడం, లేదా ఎత్తుగా కుప్పవేసి టార్పాలిన్ బిగించి లోపల వేడి పుట్టేలా చేయడం. ఈ ఈగకు గుడ్డు నుంచి రెక్కలు వచ్చేసరికి ఎండాకాలంలోనూ దాదాపు రెండు వారాలు పడుతుంది. వారానికోసారి కదిపితే మధ్యలోనే తెగిపోతుంది.

ఈ మాట బావగారికి ఎలా చేరాలన్నదే అసలు చిక్కు. మీ కాళ్ళ గురించి మాట్లాడకండి, ఆయన ఆవుల కాళ్ళ గురించి మాట్లాడండి. ఈ ఈగ ఎక్కువగా పట్టేది పశువుల ముందుకాళ్ళనే. అవి రోజంతా కాళ్ళు నేలకేసి కొట్టుకుంటూ, ఒకదానికొకటి ఆనుకుని గుంపుగా నిలబడుతుంటే, మేత తగ్గుతుంది, పాలు తగ్గుతాయి. ఆ సంగతి ఆయనకు మీకంటే, నాకంటే బాగా తెలుసు. మీ వారిని పంపి, "అన్నయ్యా, ఆవులు కాళ్ళు కొట్టుకుంటున్నాయి, ఆ తొట్టి పక్క గడ్డి ఈ ఆదివారం నేనూ చెయ్యి వేసి తీస్తాను" అనిపించండి. మీరే వెళ్ళినా మంచిదే, కానీ ముందు నెల కిందటి మాటకు ఒక్క వాక్యం చెప్పాల్సి వస్తుంది. ఏ దారి మీకు తేలికో మీకే తెలుస్తుంది. ఆయన ఒప్పుకోకపోవచ్చు కూడా. అప్పుడు మీ వైపు మిగిలేవి, సాయంత్రం దాకా బాబుకు కాళ్ళు కప్పే బట్టలు, గోడ వారన మీ పక్క తడి చెత్త లేకుండా చూసుకోవడం. అవి పూర్తిగా ఆపవు గానీ తగ్గిస్తాయి.

అత్తగారి మాట గురించి నేను ఎక్కువ చెప్పను. ఆసుపత్రి వరండాలో, మనవడు లోపల ఉన్నప్పుడు అన్న మాట అది. మీరు ఆవిడతో తేల్చుకోవాలంటే, ఆ దోమ ఎలాంటి నీళ్ళలో పుడుతుందో పూలకుండీ పళ్ళెం దగ్గరికి తీసుకెళ్ళి చూపించండి. వారానికోసారి పళ్ళేలు ఒంపే పని ఆవిడకే అప్పగించండి. కాదంటారని నేననుకోను.

మీ బాబు ఇప్పుడు పెరట్లోకి రావడానికే భయపడుతున్నాడని ఒక వాక్యంలో రాసి వదిలేశారు. నాకు ఆ వాక్యం దగ్గరే మనసు ఆగిపోయింది. వల పెట్టుకోవాలని నిర్ణయించుకుంటే, పట్టీ మార్చే రోజున వాడి చేతికి భూతద్దం ఇవ్వండి. గరుకు కాగితం మీద నల్లని చుక్కలు ఎన్నున్నాయో వాణ్ణి లెక్కపెట్టనిచ్చి, ఆ అంకెను క్యాలెండర్ మీద రాయించండి. నాలుగు వారాల అంకెలు పక్కపక్కన చూస్తే మీ పని సాగుతోందో లేదో మీ ఇద్దరికీ తెలుస్తుంది.

ఇక ఆ పాత బకెట్. ఇంకా అలాగే ఉంటే, ఈ జవాబు చదవడం పూర్తి కాగానే లేచి వెళ్ళండి. ఆ నీళ్ళను మురుగు కాలువలో మాత్రం పోయకండి, లార్వాలు అక్కడ హాయిగా బతికేస్తాయి. ఎండ తగిలే పొడి నేల మీద పలచగా ఒంపేయండి. తర్వాత గోడలు గట్టి బ్రష్‌తో రుద్ది, బోర్లించి ఉంచండి.